పాలపళ్ళ మరక

జూన్ 9

కుక్కపిల్లలకి పళ్ళొచ్చాయి. పొద్దున్న రాగిజావ నాకిస్తుంటే ఒకటి వేలు కొరికింది. సంతోషంగా ఒక్కొక్కదాని నోరూ తెరిచి చూశాను. మూడింటికి బియ్యపు గింజల్లా తెల్లగా ఉన్నాయి. మిగతా రెండింటికి, ఒక మగదానికీ అన్నిటికన్నా చిన్నదానికీ, టీ ఒలికిన గుడ్డలా గోధుమరంగులో ఉన్నాయి. గోరుతో గీరి చూశాను. పోలేదు. గరుకుగా తగిలింది.

బాబాయిగారికి ఫొటోలు పంపి ఫోను చేశాను.

"కడుపుతో ఉన్నప్పుడు వెన్నెలకి పిడుదుల జ్వరం వచ్చింది కదమ్మా. ఏం మాత్రలు వేసేవు?"

"డాక్సీసైక్లినండి. వెయ్యకపోతే తల్లే దక్కదన్నారు డాక్టరుగారు. మీక్కూడా చెప్పేనండి అప్పుడు."

"చెప్పేవులే. ఆ మందు కడుపులో పిల్లల పళ్ళకి మరక పెడుతుంది. అదే అయ్యుంటుంది. బెంగపడకు. పాలపళ్ళే కదా, రాలిపోతాయి."

ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. కోప్పడి ఉంటే బాగుండేది.

జూన్ 10

ఆ మాత్రలు నా చేత్తోనే వేశాను. అరటిపండు ముక్కలో పెట్టి, బుజ్జగించి.

జూన్ 13

మస్కట్ నుంచి మావారు ఫోను చేశారు. పళ్ళ సంగతి చెప్పలేదు. చెబితే ఏమీ అనరు, అలాంటి మనిషి కాదు. కానీ ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడం నాకు తెలుసు. ఆరో నెలలో మా కవలలు పోయినప్పుడు చూడటానికి వచ్చిన ఆడవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: ఏం మాత్రలు వేసుకున్నావమ్మా? ఏమీ వేసుకోలేదంటే ఒక్క క్షణం ఆగి, సరేలే అనేవారు.

అప్పుడు ఆ ప్రశ్న అడగనిది బాబాయిగారొక్కరే. ఇంటర్లో మాకు జువాలజీ చెప్పిన సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారు. బాబాయిగారని పిలవడం తర్వాత అలవాటైంది. రిటైరయ్యి కొత్తపేటలో కుక్కల్ని పెంచుకుంటున్నారని విన్నానే గానీ మళ్ళీ కలుస్తాననుకోలేదు. ఎవరు చెప్పారో, మామిడికుదురు వెతుక్కుంటూ వచ్చారు. చేతిలో తువ్వాలు, తువ్వాల్లో వెన్నెల. లేడికూనకున్నట్టు సన్నటి కాళ్ళు. ఇటాలియన్ గ్రేహౌండ్ అనే పేరు అదే మొదటిసారి వినడం.

"ఈ ఈతలో మేలైన పిల్ల ఇదేనమ్మా. నీకే ఇవ్వాలనిపించింది. పెంచుకో" అన్నారు.

ఆ రాత్రి అది నా మెడ కింద దూరి పడుకుంది. నెల తర్వాత నేను మొదటిసారి నిద్రపోయాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నాను? అలాంటి మనిషి నమ్మి ఇచ్చిన దాని కడుపున పుట్టినవాటిని నేను పాడుచేశాను, అందుకు.

జూన్ 24

బాబాయిగారు వచ్చారు. ఈ పిల్లల తండ్రి రాజా ఆయన కుక్క. జత కట్టించినందుకు ఈతలో ఒక పిల్లని ముందుగా ఎంచుకోవడం రివాజు. రాజమండ్రిలో తెలిసినవాళ్ళ మగకుక్క ఉందని నేను అన్నప్పుడు, "మన రాజా ఉండగా బయటివాళ్ళెందుకమ్మా" అన్నది ఆయనే. నాకది ఎంత గొప్పగా అనిపించిందో.

టార్చి వేసి ఐదింటి నోళ్ళూ చూశారు. మరకపళ్ళవాటిని ఎక్కువసేపు చూడలేదు. తెల్లపళ్ళ మగదాన్ని తీసుకున్నారు. ఆయన ఎంచుకున్నదే నాకూ ఇష్టమని చెప్పాను.

"అన్నీ ఒకే కడుపులో ఉన్నాయి కదండీ, మరక రెండింటికే ఎందుకు వచ్చిందండి?" అని అడిగాను.

"కొన్నిటికి మందు ఎక్కువ అందుతుందమ్మా, కొన్నిటికి తక్కువ" అన్నారు.

అంతే కాబోలు.

జూన్ 29

రాజోలు నుంచి ఎబినేజర్ గారూ కరుణగారూ వచ్చారు. ఆయన హైస్కూల్లో మాస్టారు, ఆవిడ నర్సు. తెల్లపళ్ళ పిల్లల్ని ముందు పెట్టాను. మరకపళ్ళ మగపిల్ల వాటిని తొక్కుకుంటూ వచ్చి కరుణగారి ఒళ్ళో ఎక్కి కూర్చుంది. ఇక ఆవిడ ఇంకోదాన్ని చూడలేదు.

మాత్రల సంగతి దాచలేదు. తల్లికి జ్వరమొస్తే నేనే మందు వేశాను, దాని మరక ఇది అని ఉన్నదున్నట్టు చెప్పాను.

"పాలపళ్ళే కదండీ. మనుషుల పిల్లలకీ ఉంటాయి" అన్నారు కరుణగారు.

వాళ్ళు జాయ్ అని పేరు పెట్టారు. మిగతా రెండు తెల్లపళ్ళవీ కాకినాడ వెళ్ళిపోయాయి, అన్నదమ్ములిద్దరు చెరొకటీ తీసుకున్నారు. చిన్నది నా దగ్గరే ఉంది. గవ్వ అని పిలుస్తున్నాను. దాన్ని ఎవరికీ ఇవ్వాలనిపించడం లేదు.

జులై 11

కుక్కలు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో బాబాయిగారు రాశారు: "చూలుతో ఉన్న కుక్కలకి తెలిసీ తెలియక మందులు వేయకండి. ఈ మధ్యనే మన ఇలాకాలో ఒక మంచి ఈత పాడైంది."

కింద అందరూ దండాలు పెట్టారు. సఖినేటిపల్లి బేబిగారు విడిగా మెసేజ్ పెట్టింది, "మీదేనా అండీ?" అని.

నాకు కొంచెం బాధ కలిగిన మాట నిజమే. కానీ ఆయన నా పేరు రాయలేదు. నలుగురి మంచి కోసం రాశారు. నేనైనా అదే రాసేదాన్ని.

జులై 12

రాసేదాన్ని కాదు.

ఆగస్టు 17

వర్షాలు. గవ్వ గట్టి మేత తినడం లేదు. అత్తగారు తన కట్టుడుపళ్ళు తీసి గ్లాసులో వేస్తూ, "నాకూ దానికీ ఒకటే వంటమ్మా ఇక" అని, మెత్తగా పిసికిన పెరుగన్నం తన కంచంలోంచే పెట్టింది. బాబాయిగారికి ఫోను చేస్తే, పళ్ళు ఊడే కాలం, అలాగే ఉంటుందన్నారు.

సెప్టెంబరు 20

గవ్వకి అసలు పళ్ళు వచ్చాయి. మళ్ళీ అదే రంగు. సన్నగా, మొనదేలి, పంటికీ పంటికీ మధ్య సందులతో. ఒక కోరపన్ను అంచు పెచ్చులా లేచిపోయింది.

పాలపళ్ళే, రాలిపోతాయి అన్నారు కదా.

బాబాయిగారికి ఫోను చేశాను. "ఒక్కోసారి అలాగే ఉంటుందమ్మా, మందు ప్రభావం" అన్నారు. పిన్నిగారు పిలుస్తున్నారని పెట్టేశారు.

సెప్టెంబరు 22

గవ్వని అమలాపురం తీసుకెళ్ళాను. అక్కడ లాజరుగారని కొత్తగా క్లినిక్ పెట్టిన పశువుల డాక్టరు. బాబాయిగారికి చెప్పకుండా వెళ్ళడం ఇదే మొదలు. ఏదో తప్పు చేస్తున్నట్టు బోడసకుర్రు వంతెన మీద రెండుసార్లు స్కూటీ ఆపాను.

డాక్టరుగారు గవ్వ పెదవి ఎత్తి చూసి, నేను మాత్రల కథ మొదలుపెట్టగానే చెయ్యెత్తారు.

"మందు మరకైతే రంగు మారుతుందండి, పన్ను మాత్రం నున్నగానే ఉంటుంది. దీనికి పంటి మీది పింగాణీ పొరే సరిగ్గా కట్టలేదు. పైగా మీరు మందు వేసింది ఇది కడుపులో ఉండగా. ఈ పళ్ళకి పింగాణీ కట్టింది పుట్టేక. వీటికీ మీ మాత్రలకీ సంబంధం లేదు."

"మరి దేనివల్లండి?"

"వంశంలోంచి వచ్చిందనుకుంటున్నానండి. ఈ జాతిలో ఉన్నదే. తల్లి దగ్గర్నుంచి ఒకటి, తండ్రి దగ్గర్నుంచి ఒకటి, పాడైన జన్యువులు రెండూ కలిస్తేనే బయటపడుతుంది. ఒక్కటే ఉన్న కుక్క పళ్ళు ముత్యాల్లా ఉంటాయి. దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి ల్యాబుకి పంపితే తేలిపోతుంది."

ఇది నాకు తెలిసిన పాఠమే. ఊదా బఠాణీ పువ్వులూ తెల్ల పువ్వులూ బోర్డు మీద గళ్ళు గీసి చెప్పిన పాఠం. నాలుగింట ఒకటి. చెప్పింది బాబాయిగారే.

ఇంటికొచ్చాక ఆలోచించాను. కాలేజీ పాఠం వేరు, కుక్కల పళ్ళు వేరు. ఇలాంటి జబ్బు ఒకటి ఉందని ఆయనకి తెలిసి ఉండదు. తెలిస్తే చెప్పకుండా ఉండే మనిషి కాదు.

సెప్టెంబరు 23

కరుణగారు ఫోను చేశారు. జాయ్ చన్నీళ్ళు తాగితే ఏడుస్తోందట. నీళ్ళ గిన్నె దగ్గరకి వెళ్ళి, ముట్టకుండా నిలబడుతోందట. టెస్టు చేయిస్తున్నానని చెప్పాను. గోరువెచ్చటి నీళ్ళు పెట్టమన్నాను.

సెప్టెంబరు 27

వెన్నెలకీ గవ్వకీ బుగ్గలో దూదిపుల్ల తిప్పి కవరులో పెట్టి బెంగళూరు కొరియరు చేశాను. బాబాయిగారికి చెప్పలేదు. గుండెకి స్టెంటు వేసి ఏడాది కాలేదు. ఏమీ లేదని తేలితే ఆయన్ని ఊరికే కంగారుపెట్టినట్టవుతుంది.

అక్టోబరు 14

వచ్చింది. గవ్వకి రెండూ పాడైనవే. వెన్నెలకి ఒకటి.

అంటే రెండోది రాజాది. వేరే దారి లేదు.

మాత్రలు కావు. మాత్రలు కావు. మాత్రలు కావు.

తేలికపడాలి కదా. పడుకున్నాను గానీ నిద్రపట్టలేదు. పాపం బాబాయిగారు. రాజా అంటే ఆయనకి ప్రాణం. ఎన్ని పోటీల్లో గెలిచింది. ఆయన గుండెకి ఇది ఎలా చెప్పడం? ఫోనులో చెప్పకూడదు. వెళ్ళి, పక్కన కూర్చుని చెప్పాలి.

అక్టోబరు 18

కొత్తపేట వెళ్ళి వచ్చాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. రేపటికి నేనే మార్చి చెప్పుకుంటానేమో.

పూతరేకులు పట్టుకెళ్ళాను. పి.గన్నవరం అక్విడెక్టు వంతెన దాటిన దగ్గర్నుంచి బస్సులో మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఆయన వీధరుగు మీద కుర్చీలో ఉన్నారు. రాజా కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. నన్ను చూసి నవ్వి, "రా అమ్మా, ఫోనైనా చెయ్యకుండా" అన్నారు. పిన్నిగారు లోపల్నుంచే, "దుర్గా, కాఫీ తెస్తానుండు" అన్నారు.

"బాబాయిగారూ, ఒక మాట చెప్పాలండి. మీరు కంగారుపడకూడదు."

"చెప్పు."

చెప్పాను. లాజరుగారి మాటా, బెంగళూరు టెస్టూ, వెన్నెలకి ఒకటి ఉందని తేలడమూ. "అంటే రాజాకి కూడా ఒకటి ఉండుండాలండి. మీరేం మనసులో పెట్టుకోకండి. బయటికి చూస్తే ఎవరికి తెలుస్తుందండి? మీ తప్పు రవ్వంత కూడా లేదండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. దుఃఖం ఆపుకుంటున్నారనుకుని నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

పిన్నిగారు కాఫీ తెచ్చి నా చేతికిచ్చారు. "పళ్ళ టెస్టు గురించేనా? మేమూ చేయించేం కదమ్మా అప్పట్లో, అన్నిటికీ. వెన్నెల అప్పటికి ఇంతుండేది. దానికి ఉందనేగా మనింట్లో వద్దు, ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు. రాజాకీ ఉందన్నారు గానీ, కప్పులు తెచ్చిన కుక్క కదాని ఉంచేసేరు. నీతో చెప్పలేదామ్మా?"

"అచ్చాయమ్మా, నువ్వు లోపలికెళ్ళు" అన్నారు బాబాయిగారు.

ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసి లోపలికెళ్ళిపోయారు. నా చెయ్యి ఇంకా ఆయన చేతి మీదే ఉంది. తీసుకున్నాను.

"ఒకటి ఉంటే కుక్కకి ఏమీ కాదు దుర్గా. నీకూ తెలిసిన పాఠమే కదా."

"రెండింటికీ ఉందని తెలిసి జత ఎందుకు కట్టించేరండి?"

"రాజా పోలికలు వెన్నెలలో ఉన్నాయి. ఆ రెండింటి పిల్ల ఒకటి కావాలనిపించింది. నాలుగింట ఒకటికే కదా, రాకపోవచ్చనుకున్నాను. చాలా ఈతల్లో రాదు."

"వచ్చింది కదండీ. మరి మాత్రలని ఎందుకన్నారండి?"

ఆయన రాజా తల నిమురుతూ కూర్చున్నారు. "మాత్రలు వేసేనని నువ్వే చెప్పేవు కదమ్మా" అన్నారు.

"మీరడిగితే చెప్పేనండి."

నేను కాఫీ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. ఎందుకు తాగానో తెలియదు. పిన్నిగారు ఇచ్చారని కాబోలు.

అక్టోబరు 19

ఏమీ రాయాలని లేదు.

అక్టోబరు 20

అత్తగారు అడిగింది, "మీ బాబాయిగారు బాగున్నారా?" అని. బాగున్నారన్నాను.

అక్టోబరు 22

ఆయన పొద్దుట్నుంచి ఫోను చేస్తూనే ఉన్నారు. సాయంత్రం ఎత్తాను.

ముందు గవ్వ ఎలా ఉందని అడిగారు. తర్వాత అసలు మాటకి వచ్చారు. గ్రూపులో పెట్టొద్దన్నారు. ముప్పయ్యేళ్ళ పేరన్నారు. ఇకమీదట రాజాని జతకి ఎవరికీ ఇవ్వనన్నారు. కాకినాడ వెళ్ళిన రెండింటికీ పళ్ళు బాగానే ఉన్నాయి కదా, వాళ్ళని అనవసరంగా భయపెట్టొద్దన్నారు. అన్నీ నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టే చెప్పారు. నేను ఊ కొడుతూ విన్నాను. అలవాటు.

చివరికి ఒకటే అడిగాను. "ఆ రోజు మా ఇంటికి వచ్చేరు కదండీ, తువ్వాల్లో పెట్టుకుని. అది నాకోసమాండి? వెన్నెలని వదిలించుకోడానికాండి?"

కాదని అంటారనుకున్నాను. నీకోసమేనమ్మా అంటే, ఈ మాత్రం అబద్ధం నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాను.

"రెండూనమ్మా" అన్నారు.

ఫోను పెట్టేశాను. ఇన్నాళ్ళకి ఆయన నాతో చెప్పిన నిజం ఇదొక్కటే అనుకుంటాను. నాకిది అక్కర్లేదు.

అక్టోబరు 23

ఇంతమందిలో నన్నే ఎందుకు ఎంచుకున్నారో ఇప్పుడు తెలుస్తోంది. ఆ నెలలో నాకు ఏది ఇచ్చినా వంక పెట్టను. కుంటిదిచ్చినా కళ్ళకద్దుకునేదాన్ని. మాత్రలని ఒక్క మాట అంటే చాలు, ఇంక ఇంకో కారణం వెతకనని కూడా ఆయనకి తెలుసు. ఆ ఆడవాళ్ళు నన్నడిగిన ప్రశ్న ఆయనతోనే కదా చెప్పుకుని ఏడ్చాను.

వెన్నెల వచ్చి ఒళ్ళో పడుకుంది. దీన్ని చూస్తే ఆయన గుర్తొస్తున్నారు. అది దీని తప్పు కాదు. లేవమని కాసేపు తోశాను. తర్వాత నేనే ఎత్తుకున్నాను.

అక్టోబరు 26

కాకినాడ వాళ్ళిద్దరికీ నిన్న ఫోను చేసి చెప్పాను. ఒకాయన థాంక్స్ చెప్పారు. ఇంకొకాయన, "పళ్ళు బాగానే ఉన్నాయి కదండీ, ఏంటి మీ గొడవ" అని పెట్టేశారు.

ఈ రోజు ఆదివారం. రాజోలు వెళ్ళాను. చర్చి నుంచి వాళ్ళు వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాను. లోపల్నుంచి జాయ్ నా వాసన పట్టి తలుపు గోకుతూనే ఉంది.

మొత్తం చెప్పాను. బాబాయిగారి పేరు దాచలేదు. చెబుతున్నంతసేపూ ఎబినేజర్ గారు జాయ్ నోట్లోకి చూస్తూ ఉన్నారు. కరుణగారు నన్ను చూస్తూ ఉన్నారు.

"మీకు ముందే తెలుసాండి?" అన్నారు ఆవిడ.

"లేదండి. ప్రమాణపూర్తిగా తెలియదండి."

"మొన్న మాత్రలన్నారు. ఇవాళ మాస్టారంటున్నారు. రేపు ఇంకోటంటారేమోనని భయమండి, అంతే."

ఆవిడ చోటులో నేనుంటే ఏమనేదాన్ని?

"జాయ్‌ని నేను తీసుకెళ్ళి చూసుకుంటానండి. లేదంటే వైద్యం నేనే చేయిస్తాను" అన్నాను.

ఎబినేజర్ గారు దాన్ని గుండెలకి ఆనించుకున్నారు. "వెనక్కి ఇచ్చే మాట ఎత్తకండి. ఇది మా పిల్ల. వైద్యం మేం చేయించుకుంటాం, డాక్టరుగారి పేరు చెప్పండి చాలు" అన్నారు.

గేటు దాకా వచ్చింది కరుణగారే. "మీ మాట నమ్మాలనే ఉందండి నాకు" అన్నారు. నమ్మేనని అనలేదు.

నవంబరు 3

లాజరుగారు గవ్వకి మత్తిచ్చి, పాడైన రెండు పళ్ళు తీసేశారు. మిగతావాటికి పైన పల్చటి పూత వేశారు. జీవితాంతం చూసుకుంటూ ఉండాలన్నారు. వెన్నెలకి కూడా ఇక ఈతలు లేకుండా ఆపరేషన్ చేసేశారు. మత్తులో ఉన్న రెండింటినీ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. దారిలో ఆటోవాడు టీకి ఆపాడు. నేను దిగలేదు.

జాయ్‌ని కూడా శనివారం తెచ్చారట. డాక్టరుగారు చెప్పారు.

నవంబరు 6

బేబిగారి కుక్కకి రాజాతో జత కుదిరిందట. గ్రూపులో సంబరంగా పెట్టుకుంది. నాతో బాబాయిగారు ఇకమీదట ఎవరికీ ఇవ్వనన్నారు కదా. పక్షం రోజులే అయింది.

బేబిగారికి ఫోను చేశాను. మొత్తం విని, "మాస్టారు అలాంటి మనిషి కాదండీ" అంది. గొంతులో కోపం లేదు. నామీద జాలి ఉంది. "మీ మాత్రల సంగతి అందరికీ తెలిసిందేనండి. పాపం మీరు ఆ బాధలో ఉండి ఏదో అనుకుంటున్నారు. నేను ఎవరితోనూ అననులెండి."

నవంబరు 7

గ్రూపులో పెట్టేశాను. తిట్టు లేదు, నింద లేదు. వెన్నెలకి వచ్చిన ఫలితం, గవ్వకి వచ్చిన ఫలితం, తండ్రి రాజా, మందు కారణం కాదని డాక్టరుగారు చెప్పిన మాట. ఈ జాతిని పెంచేవాళ్ళెవరైనా జత కట్టించే ముందు రెండింటికీ టెస్టు చేయించుకోండి అని.

పొద్దున్న పెట్టాను. సాయంత్రం దాకా ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో అరటిగెల ఫొటో పెట్టారు. దాని కింద అందరూ మాట్లాడారు.

బాబాయిగారు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మాత్రం గ్రూపులో అందరూ నా మీద విరుచుకుపడ్డారు. గురువుని వీధిలోకి లాగేనట. పెంచిన చెయ్యి కరిచేనట.

నవంబరు 12

బేబిగారు మెసేజ్ పెట్టింది. "ఆ బెంగళూరు ల్యాబు అడ్రసు ఉంటే పెట్టండి. ఊరికేనే." పెట్టాను.

నవంబరు 20

ఆయన వచ్చారు.

నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. స్కూటర్ చప్పుడు నాకన్నా ముందు వెన్నెల గుర్తుపట్టింది. తోకాడిస్తూ గేటు దగ్గరికి పరుగెత్తి, ఆపరేషన్ సంగతి కూడా మరిచిపోయి ఆయన మీదికి ఎగిరింది. దానికేం తెలుసు.

ఆయన చిక్కిపోయారు. చొక్కా భుజాల మీంచి జారినట్టుంది. లోపలికి రమ్మనలేదు. వద్దామని ఆయనా అనుకోలేదు. స్కూటర్ ముందు బుట్టలోంచి ఒక పిల్లని తీశారు. బూడిదరంగు ఆడపిల్ల, రెండు నెలలుంటుంది. నా చేతుల్లో పెట్టారు.

"ఇది అన్ని విధాలా శుభ్రమైనదమ్మా. వీళ్ళమ్మకీ నాన్నకీ ఏమీ లేదు. దీనికీ చేయించేను. ఈసారి నిజంగానే మేలైన పిల్ల."

వెచ్చగా ఉంది. గుండె టకటకా కొట్టుకుంటోంది. దాని తల నా మెడ దగ్గరికి పెట్టుకుంది. ఒక్క క్షణం, నిజం రాయాలి, ఒక్క క్షణం అన్నీ మర్చిపోదామనిపించింది. ఆయన లోపలికొచ్చి కూర్చుంటే అత్తగారు కాఫీ పెడుతుంది. నేను పాత అనుమానాలన్నీ అడుగుతాను. ఆయన చెబుతారు.

నా బొటనవేలు దాని పెదవి ఎత్తింది. నేను అనుకుని చేసింది కాదు. పళ్ళు చూశాను. అటూ ఇటూ తిప్పి చిగుళ్ళు చూశాను. ఆయన ఎదురుగానే.

తలెత్తేసరికి ఆయన మొహం మారిపోయి ఉంది.

"చెప్పేను కదమ్మా, టెస్టు చేయించేనని."

"ఆయ్. చెప్పేరండి."

పిల్లని ఆయన చేతుల్లో పెట్టేశాను. వెన్నెలని గొలుసు పట్టి లోపలికి లాక్కొచ్చాను. అది రానని కాళ్ళు తన్నిపెట్టింది. గేటు వేసి, తలుపు కూడా వేశాను. చాలాసేపటి దాకా స్కూటర్ స్టార్టవలేదు. అత్తగారు నా వైపు చూసింది. నేను లేవలేదు.

నవంబరు 24

పూత వేశాక గవ్వ మొదటిసారి చన్నీళ్ళు తాగింది. ఏడవలేదు. గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకోడానికి నా చీర పట్టుకుంది.

ఎవరికైనా చెప్పాలనిపించి ఫోను తీశాను. ఇలాంటివన్నీ ఒక్కరికే చెప్పేదాన్ని.

ఫోను పక్కన పెట్టి ఇక్కడ రాస్తున్నాను.